సంతకానికి సంతకం సాక్షి

ఫిబ్రవరి 11, 2024. ప్లేనో, టెక్సస్

మా చిన్నమ్మాయి దక్షిణ కొరియా వెళ్తానంటోంది. చూసి రావడానికి కాదు, ఏడాదిపాటు అక్కడి ప్రభుత్వ బడిలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి. బయాలజీ డిగ్రీ చేతికొచ్చి ఇంకా రెండేళ్లు కాలేదు. 'ఎపిక్' అని ఒక పథకం ఉందట. 1995 నుంచీ నడుస్తోంది, కొరియా విద్యాశాఖ కిందే. ఏటా ఫిబ్రవరిలో ఒక విడత, ఆగస్టులో ఒక విడత. ఇది ఆగస్టు విడత కోసం పెట్టుకుంటోంది.

కావలసిన కాగితాల జాబితా ఫ్రిజ్‌కి అంటించింది. పాస్‌పోర్టు నకలు, డిగ్రీ పట్టా నకలు అపోస్టిల్‌తో (విదేశంలో చెల్లడానికి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ), ఎఫ్‌బీఐ వారి నేరచరిత్ర కాగితం అపోస్టిల్‌తో, సీలు విప్పని మార్కుల పత్రాలు, ఇద్దరి సిఫారసు ఉత్తరాలు, 120 గంటల బోధన శిక్షణ సర్టిఫికెట్, ఆరోగ్యం గురించి మనమే రాసిచ్చే పత్రం, ఫొటోలు. అన్నిటికీ కింద నేను పెన్సిలుతో 'తల్లి అంగీకారం' అని చేర్చాను. పొద్దున లేచి చూస్తే దాని పక్కన 'అపోస్టిల్ అక్కర్లేదు' అని ఉంది.

ఫిబ్రవరి 13

ఈ-2 అంటే విదేశీ భాష నేర్పేవాళ్లకిచ్చే వీసా. ఇంగ్లీషుకైతే ఏడు దేశాల పౌరులకే అని రాసి ఉంది. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. డిగ్రీ కూడా ఆ దేశాల్లో చదివిందే అయి ఉండాలి. ఏ సబ్జెక్టు చదివారన్నది వీసాకు పట్టదు.

నాది నాగార్జున యూనివర్సిటీలో ఇంగ్లీషు ఎం.ఏ. పెళ్లికి ముందు తెనాలిలో ఇంటర్ పిల్లలకు వ్యాకరణం చెప్పాను, వ్యాసాలు దిద్దాను. అమెరికా పౌరసత్వం తీసుకుని కూడా చాలా ఏళ్లయింది. ఈ లెక్కన నా పాస్‌పోర్టు పాసు, నా పట్టా ఫెయిలు. మా చిన్నది రాసిన దరఖాస్తు వ్యాసంలో కామాలన్నీ నిన్న రాత్రి నేనే సరిచేశాను. ఇంగ్లీషు టీచరుగా అర్హత మాత్రం దానిది.

"నువ్వేమన్నా అప్లై చేస్తున్నావా ఏంటి?" అని మా వారు. చేయడం లేదు. అయినా మండింది.

ఫిబ్రవరి 18

ఫ్రిస్కో హనుమంతుడి గుడిలో ప్రసాదం వరసలో నిలబడితే వార్త మనకంటే ముందే అక్కడికి చేరి ఉంటుంది. "అదేంటండీ, మెడిసిన్‌కి ప్రిపేరవుతోందనుకున్నామే!" అని ఒకావిడ. "ఆ కొరియా సీరియళ్లు చూసి చూసి ఇలా అవుతున్నారండీ పిల్లలు" అని ఇంకొకావిడ. మూడో ఆవిడ ఏమీ అనలేదు. అమ్మాయి వయసెంతని అడిగి, లెక్కేసుకుని, పులిహోర తీసుకుని వెళ్లిపోయింది.

మార్చి 2

పోస్టాఫీసులో వేలిముద్రలు ఇచ్చాం. ఎఫ్‌బీఐకి 18 డాలర్లు, ముద్రలు తీసినందుకు పోస్టాఫీసుకి 50. మనవాళ్లు బంగారం కొన్నప్పుడు తరుగు, మజూరీ వేసినట్టు ప్రతి కాగితానికీ అసలు ధర ఒకటి, పైఖర్చు ఒకటి.

ఈ దేశంలో నా వేలిముద్రలు గ్రీన్‌కార్డుకి తీశారు, పౌరసత్వానికి తీశారు. గాజుపలక మీద వేళ్లెలా పెట్టాలో నాకు నిద్రలోనూ తెలుసు. ఇక్కడే పుట్టిన పిల్ల మాత్రం డ్రైవింగ్ లైసెన్సుకి బొటనవేళ్లు ఆనించడం తప్ప ఈ తతంగం ఎరగదు. వేలు గట్టిగా నొక్కేస్తోంది. "నొక్కకు, వాళ్లు తిప్పినట్టు తిప్పనీ" అన్నాను. ముద్ర తీసే పెద్దమనిషి నావైపు మెచ్చుకోలుగా చూశాడు.

గీతలు సరిగా పడకపోతే ఎఫ్‌బీఐ వెనక్కి పంపేస్తుంది, మళ్లీ మొదటికి. ఇంట్లో అంట్లు తోమి తోమి అరిగిన నా వేళ్లయితే ఏమయ్యేదో.

మార్చి 3

ఫలితం ఈమెయిల్లో వచ్చేసింది. వెస్ట్ వర్జీనియాలో క్లార్క్స్‌బర్గ్ అనే ఊళ్లో ఉన్న ఎఫ్‌బీఐ విభాగం పంపింది. అమ్మాయి పేరిట అరెస్టులేమీ లేవని సారాంశం. మా ఆయన దాన్ని కుటుంబం వాట్సప్‌లో పెట్టారు, ర్యాంకు వచ్చినట్టు.

అసలు పని ఇప్పుడు మొదలు. ఇది కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన కాగితం కాబట్టి దీనికి అపోస్టిల్ వేయాల్సింది వాషింగ్టన్‌లోని విదేశాంగ శాఖ. డిగ్రీ పట్టా నకలుకైతే రాష్ట్రం, అంటే ఆస్టిన్‌లోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం. రాష్ట్రం సంతకానికి రాష్ట్రం, కేంద్రం సంతకానికి కేంద్రం. తెలియక ఎఫ్‌బీఐ కాగితాన్ని రాష్ట్రానికి పంపి నెలలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. పైగా ఈ కాగితానికి ఆయుష్షు ఆరు నెలలే. తొందరపడి ముందే తీసుకున్నా తంటా, ఆలస్యం చేసినా తంటా.

డీఎస్-4194 అనే ఫారం, 20 డాలర్లు, తిరుగు కవరు పెట్టి చిన్నది పంపింది. వారాలు పడుతుందట. నాలుగైదు రెట్లు డబ్బిస్తే మనిషిని పెట్టి త్వరగా చేయిస్తామనే ఏజెంట్లు ఇక్కడా ఉన్నారు. రిజిస్ట్రారాఫీసు ముందు చెట్టు కింద కూర్చునే మన దస్తావేజు లేఖరికి ఇక్కడ వెబ్‌సైటు ఉంది, అంతే తేడా.

మార్చి 15

కొరియా గణాంక శాఖ నిన్న లెక్క చెప్పింది. 2023లో బడి పిల్లల ట్యూషన్ల మీద ఆ దేశపు తల్లిదండ్రులు పెట్టిన ఖర్చు 27.1 లక్షల కోట్ల వోన్‌లు. పిల్లల సంఖ్య తగ్గుతోంది, ఖర్చు పెరుగుతోంది. ఆ ట్యూషన్ కేంద్రాల్ని అక్కడ హాగ్వాన్‌లంటారు. రాత్రి పదయ్యాక తెరిచి ఉంచకూడదని సియోల్‌లో నిబంధనే పెట్టాల్సి వచ్చింది. నవంబరులో జరిగే యూనివర్సిటీ ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు వినికిడి భాగం వచ్చేసరికి దేశమంతటా విమానాలు ఎగరకుండా, దిగకుండా ఆపేస్తారు.

విజయవాడ చుట్టుపక్కల కార్పొరేట్ కాలేజీలు చూసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు. విమానాలాపే ఆలోచన మనవాళ్లకు ఇంకా రాలేదు.

చిన్నది హాగ్వాన్ కాకుండా ప్రభుత్వ బడి ఎంచుకున్నందుకు లోపల సంతోషించాను. హాగ్వాన్‌లన్నీ చెడ్డవని కాదు. అవి ప్రైవేటు వ్యాపారాలు, మంచి యజమాని దొరకడం అదృష్టం మీద ఉంటుంది. ప్రభుత్వ బడిలో కనీసం జీతం ఆగదు.

మార్చి 24

టీచరుకి ఎఫ్‌బీఐ కాగితం దేనికని మా వారి సందేహం. దాని వెనక కథ ఉంది. 2007 అక్టోబరులో పిల్లలపై అఘాయిత్యాల కేసులో ఇంటర్‌పోల్ ఒక మనిషి కోసం ప్రపంచమంతా వెతికింది. అతను తన ఫొటోల్లో ముఖాన్ని సుడి తిప్పినట్టు చెరిపేసుకుంటే, పోలీసులు ఆ సుడిని వెనక్కి తిప్పి ముఖం బయటపెట్టారు. కెనడావాడు. అంతకుముందు దాకా కొరియాలో ఇంగ్లీషు టీచరు. థాయిలాండ్‌లో దొరికాడు. ఆ ఏడాది డిసెంబరు నుంచి ఈ-2కి నేరచరిత్ర కాగితం, ఆరోగ్య పరీక్షలు తప్పనిసరయ్యాయి.

పిల్లల దగ్గరికి పంపే మనిషి గతం చూడటం న్యాయమే. కానీ ఆ ఊపులోనే విదేశీ టీచర్లందరికీ హెచ్‌ఐవీ పరీక్ష కూడా పెట్టారు. కొరియా టీచర్లకు లేదు, కొరియా సంతతి విదేశీయులకూ లేదు. న్యూజిలాండ్ నుంచి వచ్చిన ఒక టీచరు రెండోసారి పరీక్ష చేయించుకోనని నిలబడి, ఉద్యోగం పోగొట్టుకుని, ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ దాకా వెళ్లింది. 2015లో కమిటీ ఆమె పక్షాన చెప్పింది. 2017లో ఆ పరీక్ష ఎత్తేశారు. చిన్నది ఈరోజు ఒక పరీక్ష తక్కువగా చేయించుకుంటోందంటే ఆవిడ పుణ్యమే.

ఏప్రిల్ 8

పట్టపగలు చీకటి పడింది. సంపూర్ణ సూర్యగ్రహణం మా ఇంటి మీదుగానే వెళ్లింది. వీధంతా కళ్లద్దాలు పెట్టుకుని తలలెత్తి నిలబడ్డారు. పట్టా నకలు ఆస్టిన్‌కి ఇవాళ పంపుతానంటే, గ్రహణం రోజున ఎందుకే, రేపు ఉగాది, రేపు పంపు అన్నాను. ఆస్టిన్ మీద కూడా గ్రహణమే కదా, వాళ్లూ ఆకాశం చూస్తుంటారు, రేపే పంపుతాలే అంది. శాస్త్రమూ సంప్రదాయమూ ఒక మాట మీదకొచ్చిన అరుదైన రోజు.

ఏప్రిల్ 9

క్రోధి నామ సంవత్సరం పచ్చడి తిని నోటరీ వేటకు బయల్దేరాం. ఒక దుకాణంలో కూర్చున్న నోటరీ, డిగ్రీ పట్టాల మీద మేం ముద్ర వేయం, చట్టం ఒప్పుకోదు అంది. ఒప్పుకుంటుంది. టెక్సస్‌లో జనన ధ్రువపత్రంలాగా ప్రభుత్వ రికార్డుల్లో నమోదై ఉండే వాటికి నోటరీ నకలు ధ్రువీకరించకూడదు. డిగ్రీ పట్టా అలాంటిది కాదు, దానికి చేయొచ్చు. ఆవిడతో వాదించి లాభం లేదు. బ్యాంకులో నోటరీ అసలును, నకలును పక్కపక్కన పెట్టుకుని, ఒకటికి రెండుసార్లు చూసి, ముద్ర వేసింది. అక్కడినుంచి అటే పోస్టాఫీసు. 2102 నంబరు ఫారం, 15 డాలర్లు.

పట్టా మీద పేరు, పాస్‌పోర్టు మీద పేరు, ఎఫ్‌బీఐ కాగితం మీద పేరు అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే. ఇందులో నా పాత్ర ఉంది. ఇంటిపేరు ముందా వెనకా, తండ్రి పేరు కలపాలా వద్దా అన్న గొడవలో నేనూ మా వారూ చెరో పదేళ్లు అఫిడవిట్లు రాసుకున్నాం. అందుకే పుట్టినప్పుడే దానికి రెండు పొట్టి ముక్కల పేరు పెట్టాను. మా అత్తగారు అప్పట్లో, ఇదేం పేరు, పిలవకముందే అయిపోతుంది అన్నారు.

ఏప్రిల్ 22

ఆస్టిన్ నుంచి వచ్చింది. మొదటిసారి అపోస్టిల్‌ను తీరిగ్గా చూశాను. పైన ఫ్రెంచిలో 1961 అక్టోబరు 5 నాటి హేగ్ ఒప్పందం పేరు, కింద అంకెలు వేసిన పది గళ్లు. ఏ దేశంలో తీసుకున్నా ఈ పది గళ్లే. అమెరికా ఈ ఒప్పందంలోకి 1981లో వచ్చింది, భారతదేశం 2005లో, కొరియా 2007లో. కెనడా మరీ ఆలస్యంగా ఈ జనవరిలోనే చేరింది. అంతకుముందు కెనడా పిల్లలు కాగితాన్ని తమ ప్రభుత్వానికి చూపించి, మళ్లీ కొరియా కాన్సులేట్‌కి మోసుకెళ్లేవాళ్లు.

ఆ గళ్లలో ఏముందో చదివితే నవ్వొస్తుంది. ఈ కాగితం మీద సంతకం చేసిన నోటరీ నిజంగా నోటరీయేనని టెక్సస్ రాష్ట్రం చెబుతోంది. అంతే. పట్టా నిజమైనదా, అమ్మాయి నిజంగా చదివిందా, చదివింది బుర్రకెక్కిందా అన్న పూచీ ఎక్కడా లేదు. నోటరీ నకలుకు సాక్షి, రాష్ట్రం నోటరీకి సాక్షి. ఈ వరసలో ఒక్కరు కూడా అమ్మాయితో ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడలేదు.

నేను పౌరసత్వం పరీక్షకు వెళ్లినప్పుడు ఆఫీసరు ఒక ఇంగ్లీషు వాక్యం ఇచ్చి పైకి చదవమన్నాడు, ఇంకొకటి చెప్పి రాయమన్నాడు. ఎం.ఏ. ఇంగ్లీషును, చదివాను, రాశాను. "చాలా బాగుంది" అన్నాడు పాపం, మనస్ఫూర్తిగానే.

ఏప్రిల్ 28

లైబ్రరీ నుంచి కొరియా చరిత్ర పుస్తకాలు తెచ్చుకున్నాను. కూతురు వెళ్తోందంటే తల్లి చదువుకోవాలి.

1886లో కొరియా రాజు గోజోంగ్ ప్రభువుల కుటుంబాల పిల్లలకు ఇంగ్లీషు చెప్పించడానికి ఒక బడి పెట్టి, అమెరికా నుంచి ముగ్గురు కుర్రాళ్లను రప్పించాడు. గిల్మోర్, బంకర్, హల్బర్ట్. పాఠాలన్నీ ఇంగ్లీషు పుస్తకాలతోనే. మొదట్లో రాజు స్వయంగా ఆసక్తి చూపినా, దొరబిడ్డలకు చదువు మీద ఆసక్తి సన్నగిల్లి 1894కల్లా బడి మూతపడింది. హోమర్ హల్బర్ట్ మాత్రం కొరియాను వదల్లేదు. జపాన్ ఆ దేశాన్ని మింగుతున్నప్పుడు రాజు తరఫున అమెరికాకు మొరపెట్టుకోవడానికి వెళ్లాడు. 1949లో మళ్లీ సియోల్ చేరి, చేరిన కొద్ది రోజులకే పోయాడు. హాన్ నది ఒడ్డున యాంగ్‌వాజిన్‌లో విదేశీయుల శ్మశానంలో ఆయన సమాధి ఉంది.

నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టిన సంగతి వేరే. ఈ హల్బర్టే 1905లో కొరియా భాషకూ మన ద్రావిడ భాషలకూ తులనాత్మక వ్యాకరణం రాశాడు. రెండిటికీ చుట్టరికం ఉందన్న ఆయన వాదాన్ని ఇప్పటి భాషావేత్తలు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే పోనీ. ఇంగ్లీషు చెప్పడానికి పోయిన ఇరవైమూడేళ్ల కుర్రాడు చివరికి తమిళం, తెలుగు వ్యాకరణాల దాకా వచ్చాడంటే ఆ టీచరుద్యోగం వృథా కాలేదు. చిన్నదానికి చెప్పాను. "చూశావా, ఆయనకీ టీచింగ్ డిగ్రీ లేదు" అంది.

మే 4

ఫొటోలు. అమెరికాలో ఉద్యోగ దరఖాస్తుకు ఫొటో అడగరు, అడిగితే గొడవవుతుంది. కొరియాలో అడగడం మామూలు. పాస్‌పోర్టు కొలత కూడా వేరు, మూడున్నర సెంటీమీటర్లు, నాలుగున్నర. ఇక్కడి దుకాణాల్లో రెండంగుళాల చదరమే తీస్తారు. క్యారల్టన్‌లో కొరియావాళ్ల స్టూడియోకి వెళ్తే అడక్కుండానే కొలత చెప్పారు.

ఇంగ్లీషు టీచరంటే తెల్ల ముఖమే అనుకునే తల్లిదండ్రులు అక్కడ ఉన్నారని, ప్రైవేటు కేంద్రాలు కొన్ని ఆ ముఖాల కోసమే వెతుకుతాయని నల్ల టీచర్లూ మన రంగు టీచర్లూ చాలా ఏళ్లుగా చెబుతున్నారు. అడిగాను, "నీ ముఖం చూసి ఇంగ్లీషు టీచరంటారా?" అని. "ముఖం చూసి అనరేమో. నోరు తెరిచాక అంటారు" అంది. స్టూడియోవాళ్లు చామనచాయను కాస్త తెలుపు చేసిచ్చారు. అది వెనక్కి ఇచ్చి, ఉన్నదున్నట్టు తీయించుకుంది.

మే 13

తెనాలి నుంచి అక్క ఫోన్. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. ఇవాళ ఆంధ్రలో పోలింగు, నిన్న మధ్యాహ్నం నుంచీ డ్యూటీ. పెట్టెలు అప్పగించి ఇంటికొచ్చేసరికి తెల్లారుతోందట. నిద్రమత్తులోనూ దాని ధ్యాస కొరియా మీదే. "మన ఇంటి పిల్ల స్వాతికి ఎం.ఏ. ఇంగ్లీషు, బి.ఇడి. ఉన్నాయి కదే, దానికి రాదా ఆ వీసా?" అంది. నేను ఏడు దేశాల పాట పాడబోయి ఎందుకో ఆగి, చూసి చెప్తానన్నాను.

చూశాను. ఉంది! భారత్, కొరియాల మధ్య సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం 2009 ఆగస్టులో సంతకమై, 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఉక్కు, కార్లు, సుంకాలు అన్నీ ఉన్న ఆ ఒప్పందంలో ఒక మూల ఇంగ్లీషు టీచర్లు కూడా ఉన్నారు. డిగ్రీతో పాటు ఇంగ్లీషు బోధనలో టీచరు అర్హత ఉన్న భారతీయులు కొరియా బడుల్లో సహాయక ఇంగ్లీషు టీచర్లుగా ఈ-2కి అర్హులు.

పోలిక చూడండి. ఆ ఏడు దేశాల పిల్లకు ఏ డిగ్రీ అయినా చాలు. మన పిల్లకు టీచరు చదువు కూడా కావాలి. నన్నడిగితే రెండో నిబంధనే సబబైంది. పిల్లలకు చెప్పేవాళ్లకు చెప్పడం వచ్చి ఉండాలి కదా. అది అందరికీ ఒకేలా ఉండాలన్నదే నా పేచీ.

మే 29

నిన్న పొద్దున్నే గాలివాన. ఊళ్లో సగానికి కరెంటు లేదు, చెట్లు విరిగి రోడ్లకడ్డం పడ్డాయి. పోస్టు రాదనుకున్నాం. ఇవాళ సాయంత్రం వాషింగ్టన్ కవరు వచ్చింది. ఎఫ్‌బీఐ కాగితానికి అపోస్టిల్ అంటుకుని ఉంది. కొవ్వొత్తి వెలుగులోనే పేరు, తేదీ సరిచూశాం.

జూన్ 7

నిన్న గ్రాండ్ ప్రేరీలో అమెరికా క్రికెట్ జట్టు పాకిస్తాన్‌ను సూపర్ ఓవర్లో ఓడించింది. ఆ ఓవరు వేసిన నేత్రవల్కర్ ముంబయిలో పుట్టి పెరిగినవాడు. మా వారు అరిచిన అరుపుకి పక్కింటివాళ్ల కుక్క మొరిగింది. ఒక దేశానికి ఆడాలంటే అక్కడ మూడేళ్లు స్థిరంగా ఉన్నా క్రికెట్ నియమాలు ఒప్పుకుంటాయి. ఇంగ్లీషు చెప్పడానికి మాత్రం పాస్‌పోర్టు దగ్గర మొదలుపెట్టాలి!

జూన్ 16

ఆరోగ్య పత్రం. అంటువ్యాధులు, మత్తుమందులు, మానసిక చికిత్స, పెద్ద జబ్బులు... అన్నిటికీ అవునో కాదో రాసి సంతకం. అక్కడ దిగాక ఆసుపత్రిలో క్షయ, మాదకద్రవ్యాల పరీక్షలు ఎలాగూ ఉంటాయి.

ఒక సంగతి ఇక్కడి తల్లులందరూ తెలుసుకోవాలి. ఏకాగ్రత కోసమని మన పిల్లలు చాలామంది వేసుకునే యాడరాల్ కొరియాలో నిషిద్ధం. డాక్టరు చీటీ ఉన్నా సరే. చిన్నదాని స్నేహితురాలు ఇదే విడతకు పెట్టుకుని, ఈ వాక్యం దగ్గర ఆగి, డాక్టరుతో మాట్లాడి వేరే మందుకు మారుతోంది. సిగ్గుపడి దాచే విషయం కాదిది, విమానాశ్రయంలో పట్టుబడే విషయం.

జూలై 1

కాంట్రాక్టు వచ్చింది. వారానికి 22 గంటల పాఠాలు, నెలకు 20 లక్షల వోన్‌ల పైచిలుకు జీతం, ఉండటానికి ఇల్లు, ఏడాది పూర్తి చేస్తే ఒక నెల జీతం అదనం. ఆ అదనం వాళ్ల దయ కాదు, కొరియా కార్మిక చట్టంలోనే ఉంది. పింఛనుకు కోసింది కూడా అమెరికా పౌరులు వెళ్లిపోయేటప్పుడు వెనక్కి తీసుకోవచ్చు.

నా కన్ను వేరేచోట ఆగింది. వీసా యజమానికి కట్టి ఉంటుంది. మధ్యలో వేరే బడికి మారాలంటే పాత యజమాని వదిలిపెడుతున్నట్టు ఉత్తరం ఇవ్వాలి. హెచ్-1బీ మీద మేనేజరు ముఖం చూసి బతికిన ఏళ్లు మా వారు మర్చిపోలేదు. కాంట్రాక్టులో ఆ పేరా గీతపెట్టి దానిచేత రెండుసార్లు చదివించారు. పాస్‌పోర్టు బలం ఎంతున్నా పరాయి దేశంలో కొలువంటే ఇంతే. అమెరికాలో పుట్టిన పిల్లకు ఈ పాఠం మా అనుభవం నుంచి చెప్పగలిగినందుకు మా వారు కాస్త గర్వపడ్డారు కూడా.

జూలై 18

పోయిన ఏడాది ఇదే రోజున సియోల్‌లో సోయి ప్రాథమిక పాఠశాలలో ఇరవైల్లో ఉన్న టీచరు ఒకామె బళ్లోనే ప్రాణం తీసుకుంది. తల్లిదండ్రుల ఒత్తిళ్లు, ఫిర్యాదులు భరించలేకనే అని తోటి టీచర్లు వేలూ లక్షలుగా వీధుల్లోకొచ్చారు. సెప్టెంబరులో టీచర్ల రక్షణకు చట్టాలు మార్చారు. విదేశీ టీచరు పక్కన ఎప్పుడూ కొరియా టీచరు ఒకరుంటారట, తల్లిదండ్రుల ఫోన్లన్నీ ఆమెకే. చిన్నదానితో ఒక్క మాటే అన్నాను. నువ్వు ఆటలాడించి పాటలు పాడించి ఇంటికొచ్చేస్తావు, ఆవిడ ఇంకా బళ్లోనే ఉంటుంది, ఆవిణ్ణి కనిపెట్టుకుని ఉండు.

జూలై 26

చిన్నదానికి దక్షిణ చుంగ్‌చోంగ్ ప్రాంతం పడింది. ఎక్కడో పల్లె అని మా వారి బెంగ. నేను పుస్తకం తీసి చూపించాను. ఆ ప్రాంతంలోనే యేసాన్ అనే ఊరుంది. 1975లో అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవా సంస్థ పీస్ కోర్ తరఫున కాథ్లీన్ స్టీఫెన్స్ అనే అమెరికా అమ్మాయి అక్కడి బళ్లో ఇంగ్లీషు చెప్పడానికి వచ్చింది. 2008లో అదే దేశానికి అమెరికా రాయబారిగా తిరిగొచ్చింది, ఆ పదవిలో మొదటి మహిళ. "సరే, రాయబారి అయ్యాక ఫోన్ చేయమను" అన్నారు.

పెనుకొండ కియా ఫ్యాక్టరీలో పనిచేసే మా పిన్ని కొడుకు సలహా పంపాడు. ఏదిచ్చినా తీసుకున్నా రెండు చేతులతో, పెద్దవాళ్లకు తల వంచి. ఇవి రెండూ మా ఇంట్లో చిన్నప్పుడే నేర్పాం, దాని అమలు సంగతి వేరు.

ఆగస్టు 6

వీసా వచ్చింది. డాలస్‌లోని కొరియా కాన్సులేట్ శాఖలో కాగితాలిచ్చిన కొద్ది రోజులకే. పాస్‌పోర్టులో ముద్ర లేదు, స్టిక్కరూ లేదు. వెబ్‌సైటు నుంచి మనమే ప్రింటు తీసుకునే ఒక కాగితం. దిగాక తొంభై రోజుల్లో నివాస కార్డు తీసుకోవాలి.

ఆగస్టు 11

స్వాతి కాగితాలు మొదలుపెట్టింది. దాని జాబితా వేరు. డిగ్రీ, బి.ఇడి. పట్టాలకు ముందు రాష్ట్రంలో ధ్రువీకరణ, ఆ తర్వాత మన విదేశాంగ శాఖ అపోస్టిల్, పాస్‌పోర్టు ఆఫీసు నుంచి పోలీసు క్లియరెన్సు. ముందు దాన్ని తీసుకునే బడి దొరకాలి, అది తేలిక కాదు. దొరక్కపోవచ్చు కూడా. చిన్నది అక్కడ దిగాక తన బళ్లో అడిగి చూస్తానంది.

ఇంగ్లీషులో బి.ఇడి. చేసి ప్రైవేటు స్కూళ్లలో అరకొర జీతాలకు చెబుతున్న మన పిల్లలు గుంటూరు నుంచి ఆదిలాబాద్ దాకా ఉన్నారు. 2010 నుంచీ మీ పేరు మీద ఒక తలుపుంది. సన్నదే, కానీ ఉంది. ఎవరైనా ఏజెంటు 'కొరియా టీచర్ వీసా' అని డబ్బడిగితే కట్టకండి. ముందు ఢిల్లీలోని కొరియా రాయబార కార్యాలయానికి మీరే రాసి, భారత్-కొరియా ఒప్పందం కింద సహాయక టీచరుకు ఏమేం కావాలో అడగండి. ఇంగ్లీషులోనే రాయండి, మీకు వచ్చు.